డబ్ల్యూ సొరుగు

ఆ ఆఫీసుకు వచ్చినవాళ్లని వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టడం అందరికీ వచ్చు. కూర్చోబెట్టామన్న సంగతి గుర్తుపెట్టుకోవడమే ఎవరికీ రాదు. అందుకని, ఎనిమిదేళ్ల కిందట ఒక సోమవారం పొద్దున పది గంటలకి వచ్చి కూర్చున్న అమ్మాయి పదకొండూ పదికి కూడా అక్కడే ఉందంటే, అందులో తన తప్పేమీ లేదని అక్కడ కార్డులు రాసే అతను చాలాకాలం వాదించాడు.

తప్పు అతనిదే. కార్డులు సప్లై చేసే షాపు తాలూకు మనిషేమో అనుకుని, "కాస్త వెయిట్ చెయ్యండి" అనేసి లోపలికి వెళ్లి 'మీటర్' అనే మాటలో పడిపోయాడు. టాక్సీ మీటరు, కరెంటు మీటరు, "వాడికంత మీటర్ లేదులే" అనే మీటరు. మూడూ ఒక తల్లి పిల్లలేనా కాదా అని తేల్చుకుంటూ ఉంటే గంట గడిచిపోయింది. తలెత్తేసరికి గుమ్మంలో ఆ అమ్మాయి నిలబడి ఉంది, చేతిలో అపాయింట్‌మెంట్ కాగితంతో.

"గంట నుంచి వెయిట్ చేస్తున్నాను. ఎందుకు చేస్తున్నానో నాకు తెలుసు. మీకు గుర్తుందా?" అంది.

ఇంకెవరైనా అయితే సారీ చెప్పి కుర్చీ జరిపేవాళ్లు. అతను గబగబా ఒక కార్డు తీసుకుని రాయడం మొదలుపెట్టాడు. సగం రాసి, "'నాకు తెలుసు' తర్వాత ఏమన్నారు?" అని అడిగాడు.

ఆ అమ్మాయి చూసిన చూపు అతనికి ఇప్పటికీ గుర్తే. కోపంతో మొదలై, మధ్యలో ఆశ్చర్యమై, చివరికి నవ్వుని పెదవుల దగ్గర ఆపేసుకున్న చూపు. ఆ నవ్వు కాస్తా బయటికి వచ్చేసి ఉంటే ఈ కథ చాలా త్వరగా అయిపోయేదని అతని నమ్మకం.

ఆ ఆఫీసులో తయారవుతున్నది ఒక డిక్షనరీ. మన మాటల్లోకి చుట్టాల్లా వచ్చి, తిరిగి వెళ్లే ఉద్దేశం లేక ఇక్కడే ఉండిపోయిన ఇంగ్లీషు మాటలన్నిటికీ అర్థం, వాడుక, పుట్టుక చెప్పే డిక్షనరీ. ఒక పాత స్కూలు బిల్డింగు పై అంతస్తులో మూడు గదులు. మొదటి గదిలో బల్లలు. రెండో గదిలో ఎడిటరుగారు. ఆయన్ని అందరూ పెద్దాయన అనేవాళ్లు. కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని దాని కోసం బల్లంతా వెతికే మనిషి. మూడో గదిలో ఏ నుంచి జెడ్ దాకా చెక్క సొరుగులు, వాటికి కాపలాగా పిన్నిగారు.

పిన్నిగారు ఎవరికి పిన్నో ఎవరికీ తెలియదు. ఆఫీసు మొదలైననాటి నుంచీ కార్డులు సొరుగుల్లో సర్దేది ఆవిడే. పన్నెండేళ్లలో ఒక్క కార్డు కూడా తప్పు సొరుగులో పెట్టలేదని ఆవిడకి గొప్ప. ఆ గొప్పలో అబద్ధం లేదు. అసలు గొడవంతా అక్కడే వచ్చింది.

పెద్దాయనది ఒకటే పట్టు. ఉదాహరణ వాక్యం సొంతంగా అల్లకూడదు. ఎవరో ఒకరు నిజంగా అన్నదై ఉండాలి, మనం చెవులారా విన్నదై ఉండాలి. కార్డుకి ముందువైపు మాట, వాక్యం. వెనకవైపు ఎవరన్నారు, ఎక్కడ, ఎప్పుడు. వెనక ఖాళీగా ఉన్న కార్డు రాసినవాళ్ల ట్రేలోకి తిరిగి వెళ్లిపోతుంది. వెనక నిండిన కార్డుని పిన్నిగారు పట్టుకెళ్లి దాని సొరుగులో పెట్టి తాళం వేస్తారు. కొత్త కార్డు లోపల వెయ్యడానికి తప్ప, ఆ అక్షరం వంతు వచ్చేదాకా ఆ తాళం తీసేది లేదు. అప్పటికి డిక్షనరీ ఎమ్ దగ్గర నడుస్తోంది.

కొత్తగా వచ్చిన అమ్మాయి పని కార్డులు సరిచూడటం. మొదటిరోజు ఆమె ట్రేలో పడిన మొదటి కార్డు ఏదో చెప్పనక్కర్లేదు. వెనకవైపు ఇలా ఉంది. ఎవరన్నారు: బెంచీ మీది ఒక కోపిష్ఠి అమ్మాయి. ఎక్కడ: మన గుమ్మంలో. ఎప్పుడు: ఈ పొద్దున పదకొండింటికి.

ఆమె ఎర్ర పెన్ను తీసి 'కోపిష్ఠి' కొట్టేసింది. 'పదకొండింటికి' పక్కన 'పదకొండూ పదికి' అని దిద్దింది. సరిచూసినట్టు పొడి అక్షరాలు వేసి, పిన్నిగారికి స్వయంగా అందించి వచ్చింది. అతను ఓరకంట అంతా చూస్తూ 'మీటర్' మీద ఉన్న శ్రద్ధ పోగొట్టుకున్నాడు.

పేర్లు పెట్టడంలో పిన్నిగారిది అందెవేసిన చేయి. ఒక కార్డు రాయడానికి మూడుసార్లు కలం మూత తీసి పెట్టే అతనికి అంతకుముందే 'నిదానం' అని పేరు పెట్టేశారు. మాట ఆగకుండా, మెట్లు రెండేసి చొప్పున ఎక్కే ఈ అమ్మాయికి వారం తిరక్కుండా 'ఎక్స్‌ప్రెస్' అయింది. అసలు పేర్లు జీతాల రిజిస్టర్లోనే మిగిలాయి.

ఆ తర్వాత ఎందుకోగానీ అతనికి 'వెయిట్' అనే మాట మీద ఎక్కడలేని ఆసక్తి పుట్టింది. డబ్ల్యూ వంతు రావడానికి ఏళ్లు పడుతుంది కదా, ఇప్పటి నుంచి తొందరేమిటని పెద్దాయన అడిగితే, వింటున్నప్పుడే రాసుకోవాలి కదండీ అన్నాడు. ఆయన కళ్లజోడు వెతుక్కుంటూ, నిజమే, రాసుకో అన్నారు. ఆ వెతుకులాటలో నవ్వు దాచుకున్నారని పిన్నిగారు తర్వాత చెప్పారు.

ఆ మాట వినాలంటే జనం వెయిట్ చేసే చోటుకే వెళ్లాలి. మధ్యాహ్నం భోజనాలయ్యాక అతనూ ఆ అమ్మాయీ డాక్టరుగారి క్లినిక్‌లో చివరి కుర్చీల్లో కూర్చునేవాళ్లు, జబ్బేమీ లేకుండా. "వెయిట్ చెయ్యండి, పిలుస్తారు" అనే నర్సు గొంతులో అది ఆర్డరు. స్కూటర్ల మెకానిక్ "వెయిట్ చేస్తే మీకే మంచిది" అంటే అది సలహా కాదు, బెదిరింపు. ఫోనులో "వెయిట్ వెయిట్ వెయిట్" అని మూడుసార్లు అంటే ఆగమని కాదు, నా మాట విను అని. బస్టాండులో ఒక ముసలాయన, "వెయిట్ చేస్తున్నావా బాబూ?" అని అడిగాడు, పక్కన ఎవరైనా మాట్లాడేవాళ్లు ఉంటే బాగుండునని. అతను దాన్నీ రాసుకున్నాడు. ఆమె ఆ ముసలాయనతో అరగంట మాట్లాడుతూ కూర్చుంది. ఆ రోజు పనిలో నిజంగా పనికొచ్చింది ఆమె చేసిందే అని అతనికి అనిపించింది.

అక్కా బావల ఇంట్లో ఉండేవాడతను. రాత్రి అన్నం తింటూ ఆ అమ్మాయి ఇలా అంది, ఆ అమ్మాయి అలా అంది అని చెప్పడం మొదలుపెట్టేసరికి అక్కకి విషయం అర్థమైంది. ఆమెతో ఎప్పుడు చెప్తావురా అని అడిగేది. ఇంకా తేల్చుకోవాలి అనేవాడు. అక్క వాళ్లాయన వైపు తిరిగి, వీడి పెళ్లి కూడా డబ్ల్యూ దగ్గరే ఆగుతుందేమో చూడండి అని దెప్పేది. అక్కది అంత మంచి నోరు కాదు. అందులోంచి వచ్చిన మాటలు మాత్రం చాలాసార్లు నిజమయ్యేవి.

ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన పట్టుకుంది. కిటికీలు మూసి, దీపాలు వేసి, ఎవరి పనీ సాగక అందరూ పెద్దాయన గదిలో చేరారు. ఆమె ఊరికే ఉండలేక 'వెయిట్' పుట్టుక చెప్పమని అడిగింది. ఆయనకి అంతకంటే ఏం కావాలి? కళ్లజోడు ముక్కు మీదికి దించుకుని మొదలుపెట్టారు.

అది ఇంగ్లీషువాళ్ల సొంత మాట కాదట. పాత ఫ్రెంచి నుంచి తెచ్చుకున్నదట. మొదట్లో దానికి కాపలా కాయడం అని అర్థం. కళ్లు విప్పార్చుకుని చూస్తూ ఉండటం. 'వాచ్', 'వేక్' అన్నవి దీనికి దాయాదులు. వెయిటరంటే ఒకప్పుడు కాఫీ తెచ్చేవాడు కాదు, ఊరి ద్వారం దగ్గర నిద్ర మానుకుని దారి చూస్తూ నిలబడే కాపలావాడు. తర్వాత తర్వాత ఆ మాటలోంచి చూడటం జారిపోయి, ఊరికే ఆగి ఉండటం మిగిలిందని చెప్పారు.

"మన 'ఎదురుచూడటం'లో చూపు ఇంకా ఉందమ్మా," అన్నారు పెద్దాయన. "వాళ్లు దారిలో ఎక్కడో పారేసుకున్నారు."

"చూడకుండా వెయిట్ చెయ్యడమేముందండీ? ఆ పని వరండాలో బెంచీ కూడా చేస్తుంది," అంది ఆమె.

అందరూ నవ్వారు. అతను నవ్వలేదు. వాన వెలుతురు కిటికీ అద్దంలోంచి ఆమె చెంప మీద పడుతుంటే చూస్తూ ఉండిపోయాడు. ఆమె చటుక్కున ఇటు తిరిగి, ఏమిటన్నట్టు కళ్లెగరేసింది. ఏమీ లేదన్నట్టు తలూపాడు. ఏమీ లేకపోవడం కాదని ఆ గదిలో అతనికి తప్ప అందరికీ తెలుసు.

ఆ ఆఫీసులో ఇంకో పద్ధతి ఉంది, అదీ చెప్పుకోవాలి. ఏ అక్షరం వంతు వస్తే, దాని సొరుగులో అయిదేళ్లు దాటిన కార్డులకి వాడుక ఫారం పంపాలి. ఆ వాక్యంతో సంబంధం ఉన్న మనిషికి పోస్టులో ఒక కాగితం వెళ్తుంది. ఈ మాట ఇంకా ఇలాగే అంటున్నారా? కింద రెండు గళ్లు: వాడుకలో ఉంది, వాడుక తప్పింది. టిక్కు పెట్టి పంపితే చాలు. ఎమ్ కార్డుల ఫారాలు పంపే పని ఆమెదే.

ఒకసారి 'మెషీన్' కార్డు ఫారం తిరిగి వచ్చింది. ఒక టైలరు తన భార్యని ముద్దుగా 'నా కుట్టు మెషీనూ' అని పిలిచేవాడట. రాసి పంపింది ఆ భార్యే. 'వాడుక తప్పింది' గడిలో టిక్కు పెట్టి పక్కన వణికే అక్షరాలతో, "మాట ఉంది. అనే మనిషి లేడు" అని రాసింది. ఫారాలు చూసే మన అమ్మాయి ఆ కాగితం పట్టుకుని సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. ఎక్స్‌ప్రెస్ మాట్లాడకపోతే ఆఫీసు గోడ గడియారం చప్పుడు కూడా వినిపిస్తుందని ఆ రోజే తెలిసింది. వెళ్లేముందు అతని బల్ల దగ్గర ఆగి, "అనాల్సినవాళ్లు ఉన్నప్పుడే అనేయాలండీ, నిదానంగారూ," అంది.

అంతకంటే విడమరచి ఎవరు చెప్తారు? అయినా అతను ఇంకో మూడు నెలలు తేల్చుకున్నాడు.

ఆమె వచ్చిన పదిహేనో నెలలో కబురు తెలిసింది. వాళ్ల నాన్న ఉంటున్న ఊళ్లో ఒక పబ్లిషర్ దగ్గర ఉద్యోగం వచ్చింది. శనివారం సాయంత్రం నాలుగు గంటల బస్సుకి ప్రయాణం. శుక్రవారమే ఆఖరి రోజు. ఆ బస్సెక్కితే ఇక మళ్లీ ఈ మెట్లు ఎక్కదని అందరికీ తెలుసు. అందరికంటే బాగా అతనికి తెలుసు.

గురువారం రాత్రి అక్క అన్నం వడ్డిస్తూ ఒక్క మాట కూడా అనలేదు. అది తిట్టు కంటే ఎక్కువ పనిచేసింది.

శుక్రవారం పొద్దున అతను ఒక కార్డు తీసుకున్నాడు. ఆ రోజు మూడుసార్లు కాదు, ఏడుసార్లు కలం మూత తీశాడు. మాట: వెయిట్. వాక్యం: "మీరు సరే అనేదాకా వెయిట్ చేస్తాను." వెనకవైపు ఖాళీగా వదిలేశాడు. ఎంత పిరికివాడికైనా ఏదో ఒక తెలివి ఉంటుంది కదా. వెనక ఖాళీగా ఉన్న కార్డు ఆమె ఒక్కదాని కంటనే పడి, నేరుగా తన ట్రేలోకి తిరిగి వస్తుంది. పిన్నిగారి చేతుల్లో పడదు. ఆమెకి ఇష్టమైతే దాని మీద ఏదో ఒకటి రాస్తుంది. ఇష్టం లేకపోతే ఉత్త కార్డు వస్తుంది. ఎవరికీ నొప్పి ఉండదు. ఆలోచించిన కొద్దీ అది గట్టి పథకంలాగే కనిపించింది. పదకొండింటికి ఆమె ట్రేలో వేసి, ఆమె మొహం చూసే ధైర్యం లేక, ప్రెస్సులో పనుందని వెళ్లిపోయాడు.

తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు. ట్రే ఖాళీగా ఉంది. ఉత్త కార్డు కూడా లేదు.

నాలుగింటికి వీడ్కోలు టీ ఇచ్చారు. పెద్దాయన ఏదో మాట్లాడారు. పిన్నిగారు కళ్లు తుడుచుకున్నారు. ఆమె అందరి దగ్గరా సెలవు తీసుకుంటూ అతని దగ్గరికి వచ్చి, కళ్లలోకి చూసి, "మర్చిపోకండి మరి," అంది. మొహం వెలిగిపోతూ ఉంది. వెళ్లిపోతున్నందుకు ఇంత సంతోషమా అనుకుని అతను లోలోపల కుంగిపోయాడు. "మర్చిపోనండి," అని మాత్రం అన్నాడు.

మర్నాడు శనివారం ఆఫీసుకి సెలవు. అయినా వెళ్లి తన బల్ల దగ్గర కూర్చున్నాడు. రాత్రి వచ్చి కార్డేమైనా వేసి వెళ్లిందేమోనని ట్రే మూడుసార్లు తడిమి చూశాడు. నాలుగైంది. అయిదైంది. ఆరింటికి లేచి ఇంటికి వెళ్లిపోయాడు. ఆ బెంగ అంత తొందరగా తీరేది కాదని అప్పటికి అతనికి తెలియదు.

ఏడేళ్లు తిరిగిపోయాయి. ఎన్, ఓ, పీ అయ్యాయి. ఒక్క ఎస్సే రెండున్నరేళ్లు తినేసింది. పెద్దాయనకి కంటి ఆపరేషన్ అయింది, కళ్లజోడు అవసరం పోయింది, నెత్తిమీద తడుముకునే అలవాటు పోలేదు. అక్క సంబంధాలు చూపించీ చూపించీ విసిగి మానేసింది. మీ తమ్ముడికి పెళ్లి ఎప్పుడని ఎవరైనా అడిగితే, డిక్షనరీతో అయిపోయిందండీ, మాకు చెప్పకుండా చేసుకున్నాడు అనేది. ఎక్స్‌ప్రెస్‌కి సంబంధాలు చూస్తున్నారని రెండో ఏడు ఎవరో అన్నారు. అంటే అయిపోయే ఉంటుందని అతను తీర్మానించుకున్నాడు. పెళ్లి చేసుకోవడానికి, తను 'మీటర్' తేల్చినంత ఆలస్యం చెయ్యరు కదా ఎవరూ.

కానీ వాన పడితే మాత్రం కిటికీ మూసేవాడు కాదు. కాగితాలు తడుస్తున్నాయని పిన్నిగారు కేకలేసేవారు.

చివరికి డబ్ల్యూ వంతు వచ్చింది. పెద్దాయన తాళం చెవి అతని చేతిలో పెట్టి, ఇది నువ్వే చెయ్యాలయ్యా అన్నారు. పాత చెక్క వాసనతో సొరుగు బయటికి వచ్చింది. 'వేఫర్', 'వ్యాగన్' దాటి 'వెయిట్' దగ్గర కట్ట విప్పాడు. నూటనలభై పైచిలుకు కార్డులు. అన్నిటికంటే అడుగున బెంచీ మీది అమ్మాయి, కోపిష్ఠి కొట్టివేత. తర్వాత నర్సు, మెకానిక్, ముసలాయన. ఒక్కో కార్డు తిప్పుతుంటే ఆ మధ్యాహ్నాలన్నీ వరసగా వచ్చి పక్కన కూర్చున్నట్టుంది. అలా తిప్పుతూ తిప్పుతూ ఒక కార్డు దగ్గర చెయ్యి ఆగిపోయింది.

మీరు సరే అనేదాకా వెయిట్ చేస్తాను.

తన అక్షరాలే. ఇది ఇక్కడికి ఎలా వచ్చింది? వెనక ఖాళీగా ఉన్న కార్డు సొరుగులోకి రావడానికి వీల్లేదు. వెనక్కి తిప్పాడు.

వెనక ఖాళీగా లేదు. ఎర్ర పెన్నుతో, రెండేసి మెట్లు ఎక్కే అక్షరాలతో ఇలా ఉంది. ఎవరన్నారు: నిదానంగారు, నాతో. ఎప్పుడు: అమ్మయ్య, ఇవాళ. ఎక్కడ: ఇంకా అనలేదు, రాశారంతే. రేపు మూడున్నరకి బస్టాండులో నోటితో అనండి. సరే అంటాను. బస్సెక్కను.

అతను ఎంతసేపు అలా కూర్చున్నాడో తెలియదు. పిన్నిగారు వచ్చి భుజం మీద చెయ్యి వేసేదాకా కళ్లలోంచి నీళ్లు కారుతున్న సంగతి కూడా తెలియలేదు. ఆవిడ కార్డు తీసుకుని చదివారు. చదివి పక్క కుర్చీలో కూలబడ్డారు.

ఆవిడకి ఆ మధ్యాహ్నం ఇప్పటికీ గుర్తుంది. ఎక్స్‌ప్రెస్ భోజనానికి వెళ్లింది. నిదానం ట్రేలో ఒక కార్డు బోర్లా పడి ఉంది. వెనక నిండుగా రాసి ఉంది. వెనక నిండిన కార్డుకి ఆ ట్రేలో పనేమిటి? వెళ్లిపోయే హడావుడిలో పిల్ల పొరపాటున వేసిందనుకున్నారు. పరాయివాళ్ల రాతలు చదివే అలవాటు లేదు ఆవిడకి. తిప్పి ముందువైపు మాట ఒక్కటి చూసి, డబ్ల్యూలో పెట్టి తాళం వేశారు.

"ఇరవయ్యేళ్లలో ఒక్కటి తప్పు సొరుగులో పెట్టలేదురా నాయనా," అన్నారు పిన్నిగారు. "అదీ పెట్టలేదు. అదే నా పాపం."

అతను ఆవిడని ఓదార్చాడు. తప్పు ఆవిడది కాదని అతనికి తెలుసు. ఏడేళ్ల క్రితం ఆ అమ్మాయి బస్టాండులో ఒంటరిగా నిలబడి ఉంటే, తను ఖాళీ ట్రే ముందు కూర్చున్నాడు. ఒక్క మాట నోటితో అని ఉంటే ఏ సొరుగూ దాన్ని మింగగలిగేది కాదు. మూడు వీధుల అవతల బస్టాండు. నడిచి వెళ్లినా పది నిమిషాలు.

పెద్దాయన కార్డు రెండుసార్లు చదివారు. తర్వాత బల్ల సొరుగులోంచి ఒక వాడుక ఫారం తీసి ముందు పెట్టారు. "అయిదేళ్లు దాటింది కదయ్యా. పద్ధతి ప్రకారం పంపాలి," అన్నారు.

పెళ్లయిన ఆడమనిషి ఇంటికి ఇలాంటి కాగితం వెళ్తే ఎంత అప్రతిష్ఠ అని అతను వెనకాడాడు. ఆయన ఒప్పుకోలేదు. ఏ వాక్యానికైనా ఒకటే ఫారం, చదివినవాళ్లకి ఆఫీసు కాగితంలాగే ఉంటుంది, అసలు సంగతి తెలిసినవాళ్లకే తెలుస్తుంది అన్నారు. అతను వాక్యం రాశాడు. రెండు గళ్లూ ఖాళీగా ఉన్నాయో లేదో చూసుకున్నాడు. కింద ఒక్క ముక్క కలిపాడు: "కార్డు ఈ నెల తొమ్మిదో తారీకున, సొరుగు తెరిచినప్పుడే చూశాను." పాత రిజిస్టర్లో ఉన్న వాళ్ల నాన్న అడ్రసుకి పోస్టు చేశాడు.

ఇక ఆ రోజు నుంచి అతను చేసిన దాన్ని వెయిటింగ్ అనడానికి పెద్దాయన ఒప్పుకోలేదు. పాత ఫ్రెంచివాళ్ల లెక్కలో కాపలా అన్నారు. బల్లని కిటికీ పక్కకి జరుపుకున్నాడు. వీధి మలుపు నుంచి మెట్ల దాకా కనిపిస్తుంది. పోస్టుమ్యాన్ సైకిలు ఎన్నింటికి వస్తుందో, ఎదుటి షాపు షట్టరు ఎన్నింటికి లేస్తుందో కంఠతా వచ్చేసింది. భయమంతా ఒకటే. ఆ కాగితం తిరిగి వచ్చి, రెండో గడిలో టిక్కు ఉంటుందేమోనని. మాట ఉంది, అనే మనిషి లేడు. కాదు, అనే మనిషి ఉన్నాడు, వినాల్సిన మనిషి వెళ్లిపోయింది.

పదకొండో రోజు వాన మొదలైంది. పోస్టుమ్యాన్ రాడనుకుంటూనే అతను వీధి వైపు చూస్తున్నాడు. మలుపులో ఒక గొడుగు కనిపించింది. కింద మనిషి కనిపించడం లేదు. కానీ నీటి గుంటలు పక్కనుంచి దాటకుండా మీదుగా గెంతుతోంది. అలా నడిచే మనిషి ఈ ప్రపంచంలో అతనికి ఒక్కరే తెలుసు.

ఏడేళ్లు ట్రే వైపు చూశాడు కాబట్టి కనిపించలేదు. ఈసారి దారి వైపు చూశాడు. కుర్చీ పడిపోయిన చప్పుడుకి పిన్నిగారు బయటికి వచ్చేసరికి అతను మెట్లు దిగుతున్నాడు, రెండేసి చొప్పున. నిదానం పరిగెత్తుతున్నాడండీ అని ఆవిడ లోపలికి కబురు చెప్పారు.

కింద గుమ్మంలో ఇద్దరూ ఎదురుపడ్డారు. ఆమె కణతల దగ్గర ఒకటి రెండు తెల్ల వెంట్రుకలు. కళ్లు మాత్రం అవే. గొడుగు మూసి, చేతిసంచిలోంచి ఫారం తీసింది. రెండు గళ్లూ ఖాళీగానే ఉన్నాయి.

"తొమ్మిదో తారీకున చూశారా?" అంది. "ఏడేళ్లకా?"

అతను పిన్నిగారి సంగతంతా చెప్పాడు. ఆమె వింటూ అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. నాలుగు గంటల బస్సు వదిలేసిందట. అయిదు గంటలదీ వదిలేసిందట. ఆరు గంటలది ఆఖరిది కాబట్టి ఎక్కిందట. బస్సులో కూర్చున్నాక కోపం, ఊరు చేరాక పంతం, ఏడాది తిరిగాక ఉత్తరం రాయడానికి సిగ్గు. నాన్న నాలుగు సంబంధాలు తెచ్చారు, ఒక్కటీ కుదరనివ్వలేదు.

"ఒకాయన ఎంతకాలమైనా వెయిట్ చేస్తానన్నాడు," అంది. "నవ్వొచ్చిందండీ నాకు. ఆ మాట ఎవరన్నా మీ అక్షరాల్లోనే కనిపించేది."

ఈసారి కార్డు లేదు, కలం లేదు, తేల్చుకోవడానికి వ్యవధి లేదు. "ఆ రోజు రాశాను, అనలేదు. ఇప్పుడంటున్నాను. మీరు సరే అనేదాకా వెయిట్ చేస్తాను. మీరు రేపన్నా సరే, ఇంకో ఏడేళ్లకన్నా సరే," అన్నాడు.

ఆమె ఫారం వైపు చూసింది. అతని వైపు చూసింది. మొదటిరోజు పెదవుల దగ్గర ఆపేసుకున్న ఆ నవ్వు అప్పటికి బయటికి వచ్చింది.

"సరే," అంది. "గంట నుంచి కాదు, ఏడేళ్ల నుంచి నోట్లో పెట్టుకుని ఉన్నాను. సరే."

పైన వరండాలో పెద్దాయన లేని కళ్లజోడు వెతుక్కుంటూ లోపలికి వెళ్లిపోయారు. పిన్నిగారు మాత్రం కదల్లేదు. ఇద్దరూ పైకి వచ్చాక అతను అలవాటు కొద్దీ ఒక కార్డు తీసుకుని, ఆమె అన్న మాట రాశాడు. ఎవరన్నారు, ఎక్కడ, ఎప్పుడు, అన్నీ నింపాడు. ఆమె తేదీ సరిచూసి పొడి అక్షరాలు వేసింది. పిన్నిగారు అలవాటు కొద్దీ చెయ్యి చాపారు.

"ఇలా ఇవ్వు. ఏ సొరుగులో పెట్టాలో చెప్పు. ఈసారి తాళం వెయ్యను," అన్నారు.

అతను కార్డుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ఇవన్నీ ఇంగ్లీషు సొరుగులు పిన్నిగారూ," అన్నాడు. "'సరే'కి ఇక్కడ చోటు లేదు. ఇంటికి తీసుకెళ్తున్నాను."